‘చెయ్యిలు’ తప్పే, అయినా దిద్దకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్లో పిల్లలకి మాటలు నేర్పడం గురించి అరపేజీ వ్యాసం వచ్చింది. చదివాక ఊరుకుందామనే అనుకున్నా, మా ఆవిడ కూడా రిటైరయ్యాక అయినా పేపర్లో తప్పులు వెతకడం మానరా మీరు అంది, కానీ మూడు రోజులైనా ఆ వ్యాసం బుర్రలోంచి పోలేదు, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైతే ఏమనుకోవద్దు, కత్తెర మీ చేతిలోనే ఉంది కదా.

ముందు నేనెవరో చెప్పాలి. 31 ఏళ్లు ప్రూఫ్ రీడర్‌గా పనిచేశా. అంటే ఇంకొకళ్లు రాసిన దాంట్లో తప్పులు పట్టుకుని జీతం తీసుకున్నవాణ్ణి. ళ ఉండాల్సిన చోట ల పడినా, ఒత్తు జారినా నాకు కంట్లో నలుసు పడ్డట్టే ఉంటుంది. అలాంటివాడు వచ్చి పిల్లల మాటలు దిద్దకండి అంటే నవ్వొస్తుందేమో, అయినా అదే చెప్పబోతున్నా. మీ వ్యాసంలో మూడు సలహాలిచ్చారు. పిల్లలు తప్పు మాట్లాడితే అక్కడికక్కడే దిద్దాలి అన్నారు. ఇంట్లో ఒకే భాష వాడాలి, లేకపోతే గందరగోళమైపోయి మాటలు లేటవుతాయి అన్నారు. పదాలు పెరగడానికి మంచి వీడియోలు చూపించాలి అన్నారు. చదవడానికి మూడూ బాగానే ఉన్నాయి, పెద్దవాళ్లకి ఏదో చేస్తున్నామన్న తృప్తి కూడా ఉంటుంది, అక్కడే వచ్చింది చిక్కంతా.

మా మనవరాలికి నాలుగేళ్లు నిండాయి. రెండున్నరేళ్లప్పుడు శుభ్రంగా ‘చేతులు’ అనేది. మూడు దాటగానే ఏమైందో ‘చెయ్యిలు’ మొదలుపెట్టింది. దాని వెనకాలే ‘నేనుకి’, ‘నువ్వుకి’ వచ్చి కూర్చున్నాయి. ‘తాతా, నువ్వుకి ఇచ్చా కదా, నేనుకి ఏదీ?’ నాకు ఒళ్లు మండిపోయింది. వచ్చిన మాట పోవడమేంటి, ఎవరో పిల్లని పాడుచేశారు అనుకున్నా. మొదట టీవీని అనుమానించా, తర్వాత ప్లేస్కూల్ని, ఆఖరికి మా కోడల్ని కూడా, వాళ్ల ఇంటి భాష కన్నడం లెండి. తర్వాత ఒకరోజు తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తే తట్టింది, ‘చెయ్యిలు’ అని మా ఇంట్లోనే కాదు, లోకంలో ఏ పెద్దాళ్లూ అనరు. మరి ఎవరి దగ్గర విని నేర్చుకుంది?

ఎవరి దగ్గరా వినలేదు, తనే తయారు చేసుకుంది. మొదట్లో ‘చేతులు’ అన్నప్పుడు దానికి ‘చెయ్యి’తో సంబంధం ఉందని దానికి తెలియదు, విన్న ముక్క విన్నట్టు అప్పజెప్పింది అంతే. తర్వాత బొమ్మ బొమ్మలు, బంతి బంతులు, కుర్చీ కుర్చీలు అని వినీ వినీ ఒక సూత్రం పట్టేసింది. పట్టాక దాన్ని దొరికిన ప్రతి మాట మీదా ప్రయోగించింది. బాబుకి, అక్కకి, కుక్కకి అన్నప్పుడు నేనుకి ఎందుకు కాకూడదు? న్యాయంగా చూస్తే దానిదే రైటు, వంకర మన భాషలో ఉంది. అంటే నేను వెనక్కి పోయింది అనుకున్న రోజునే అది ముందుకు పోయిందన్నమాట. ఇంగ్లీషు పిల్లలు కూడా ఇంతే, మొదట ‘వెంట్’ అని సరిగ్గా అంటారు, మధ్యలో కొన్నాళ్లు ‘గో’కి ‘డ్’ తగిలించి ‘గోడ్’ అంటారు, మళ్లీ ‘వెంట్’కి వస్తారు.

దీన్ని 1958లోనే జీన్ బెర్కో అనే ఆవిడ భలేగా పరీక్ష పెట్టి చూపించింది. పిట్టలాంటి ఒక బొమ్మ గీసి పిల్లలకి చూపించి ఇది ‘వగ్’ అంది. అలాంటి మాట ఇంగ్లీషులో లేదు, ఆవిడే పుట్టించింది. తర్వాత రెండు బొమ్మలు చూపించి ఇప్పుడివి రెండున్నాయి, ఇవి రెండు… అని ఆగింది. నాలుగేళ్ల నుంచి ఏడేళ్ల లోపు పిల్లలు, ఎక్కువమంది తడుముకోకుండా ‘వగ్స్’ అనేశారు. జన్మలో వినని మాటకి బహువచనం చెప్పారంటే విన్నది అప్పజెప్పడం కాదు కదా.

నేనూ ఊరుకోలేదు. కాగితం మీద మూడు కాళ్ల గుండ్రటి ఆకారం ఒకటి గీసి ఇది టబూడు అన్నా. ఇంకోటి గీసి ఇప్పుడివి ఏంటమ్మా అన్నా. ‘టబూళ్లు’ అంది. టబూడులు అనలేదు చూడండి! గూడు గూళ్లు, తాడు తాళ్లు అని ఎవరూ దానికి కూర్చోబెట్టి చెప్పలేదు, నేనైతే అసలు చెప్పలేదు, డ పోయి ళ వస్తుందని దానికెలా తెలిసింది? ఫోన్లో చూసే రీలుని కూడా ‘రీళ్లు’ అంటుంది, కాలు కాళ్లు అయినట్టే. మనమూ అంతే కదా, స్కూళ్లు, ఫైళ్లు, టేబుళ్లు అంటాం, ఆ మాటలు బయట నుంచి వచ్చినా మన లెక్కలోకి మార్చుకున్నాం, ఎప్పుడు మార్చామో మనకే తెలీదు.

ఇక దిద్దడం సంగతి. నేను వారం రోజులు దిద్దా, పెన్ను లేదు గానీ మిగతాదంతా ఆఫీసు పద్ధతే. ‘చెయ్యిలు కాదమ్మా, చేతులు అను.’ ‘చేతులు.’ ‘మళ్లీ అను.’ ‘చేతులు.’ ‘ఆ, ఇప్పుడు చెప్పు, ఏం కడుక్కున్నావు?’ ‘చెయ్యిలు.’ నాలుగో రోజు నుంచి నన్ను చూడగానే చేతులు వెనక్కి దాచుకోవడం మొదలెట్టింది, వాటి పేరెత్తాల్సిన అవసరం లేకుండా. అంతటితో నేనే ఆపేశా.

తర్వాత తెలిసింది, ఈ పరాభవం నా ఒక్కడిది కాదు. మార్టిన్ బ్రెయిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సొంత కూతురి దగ్గర ఇలాగే ఓడిపోయాడు. వాళ్ల మాటల్ని తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. పాప ‘ఇంకోటి స్పూను కావాలి నాన్నా’ అంది. ఈయన ‘ఇంకో స్పూను అనాలి’ అన్నాడు. ‘అవును, ఇంకోటి స్పూను.’ ‘ఇంకో అను.’ ‘ఇంకో.’ ‘స్పూను అను.’ ‘స్పూను.’ ‘ఇంకో స్పూను.’ ‘ఇంకో… స్పూను. ఇప్పుడు ఇంకోటి స్పూను ఇస్తావా?’ ఇది చదివిన రోజు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ పాపకి స్పూను కావాలి, వ్యాకరణం కాదు. మా పిల్లకీ చేతులు కడుక్కున్నందుకు మెచ్చుకోలు కావాలి, అంతే.

1970లో రోజర్ బ్రౌన్, కెమిల్ హాన్లన్ అని ఇద్దరు అమెరికాలో ఇళ్లలో రికార్డు చేసిన తల్లీపిల్లల మాటలు ముందేసుకుని పరిశీలించారు. తేలిందేంటంటే తల్లులు మాటతీరుని దాదాపు పట్టించుకోరు, మాటలో నిజం ఉందా లేదా అన్నదే చూస్తారు. మా ఇంట్లోనూ చూశా, పిల్ల ‘చెయ్యిలు కడుక్కున్నా’ అంటే మా కోడలు చెయ్యిలు గురించి ఏమీ అనదు, ‘అబద్ధం, సబ్బు తడవనే లేదు’ అంటుంది. అంటే లోకంలో తల్లులందరూ భాష సంగతి వదిలేసి నిజం సంగతి చూసుకుంటుంటే పిల్లలు భాష మాత్రం తప్పుల్లేకుండా నేర్చుకుని అబద్ధాలాడే పెద్దాళ్లవుతున్నారు. ఇది బ్రౌన్ గారు వేసిన జోకే, కాస్త అటూ ఇటూగా.

అలాగని వింటూ నోరు మూసుకుని కూర్చోమనడం లేదు. మామూలు మాటల్లో పెద్దాళ్లు తెలీకుండానే ఒకటి చేస్తారు. పిల్ల ‘చెయ్యిలు కడుక్కున్నా’ అంటే ‘చేతులు కడుక్కున్నావా, ఏవీ చూపించు’ అంటారు. అది దిద్దడం కాదు, జవాబు చెప్పడం. సరైన మాట పిల్ల చెవిన పడింది, కబురూ ముందుకు సాగింది, ఎవరి మొహమూ చిన్నబోలేదు. ప్రూఫ్ రీడింగులో ఈ సదుపాయం లేదు, ఉంటే రచయితలతో నాకు అన్ని గొడవలు అయ్యేవి కావు.

వీడియోల సంగతికి వద్దాం. పిల్లలు భాష వినడం కడుపులో ఉన్నప్పుడే మొదలవుతుంది, పుట్టిన కొద్ది రోజులకే తల్లి గొంతు వేరుగా గుర్తుపడతారు. 2009లో జర్మనీ పరిశోధకులు ఫ్రెంచి, జర్మన్ ఇళ్లలో పుట్టిన 60 మంది పసికందుల ఏడుపులు రికార్డు చేసి చూస్తే ఫ్రెంచి పిల్లల ఏడుపు కింద నుంచి పైకి లేస్తోంది, జర్మన్ పిల్లలది పైనుంచి కిందికి దిగుతోంది, ఆ భాషల రాగం ఎలా ఉంటుందో అలాగన్నమాట. ఇంకోటి మనకి బాగా అర్థమయ్యేది. మనకి ట, త వేరువేరు కదా, ఇంగ్లీషు పెద్దాళ్లకి ఆ తేడా పట్టుకోవడం కష్టం. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు కెనడాలో హిందీ ట, త లు వినిపించి చూశారు. ఆరు నుంచి ఎనిమిది నెలల ఇంగ్లీషు పిల్లలు ఆ తేడా పట్టేశారు, పది పన్నెండు నెలలొచ్చేసరికి పట్టలేకపోయారు. అంటే మొదటి పుట్టినరోజు లోపే, ఒక్క మాట పలక్కముందే, ఏ చప్పుడు మనది ఏది కాదు అని చెవి తేల్చేసుకుంటుంది.

సరే మరి, చెవిలో పడితే చాలు కదా, స్క్రీన్ నుంచి పడితే ఏంపోయింది అంటారు. ప్యాట్రీషియా కూల్ అనే అమెరికా శాస్త్రవేత్త బృందం 2003లో అచ్చం ఇదే పరీక్షించింది. తొమ్మిది నెలల అమెరికా పిల్లలకి చైనా భాష, మాండరిన్. కొందరికి మనిషి ఎదురుగా కూర్చుని పుస్తకాలు చూపిస్తూ బొమ్మలతో ఆడిస్తూ మాట్లాడింది, మొత్తం 12 సార్లు, ఒక్కోసారి పాతిక నిమిషాలు. ఇంకొందరికి అదే మనిషి, అవే మాటలు, అంతే సేపు, కానీ టీవీలో. మనిషి దగ్గర విన్న పిల్లలకి మాండరిన్ చప్పుళ్ల తేడా పట్టుబడింది. టీవీలో చూసినవాళ్లకి ఏమీ పట్టుబడలేదు, అసలు మాండరిన్ విననివాళ్లతో సమానంగా ఉన్నారు. అదే గొంతు, అదే మొహం! తేడా ఒక్కటే, టీవీలో మనిషికి పిల్ల ఎటు చూస్తోందో కనపడదు, పిల్ల ఊ కొట్టినా వినపడదు.

ఇక్కడ స్క్రీనే శత్రువు అనుకుంటే పొరపాటు. రెండేళ్లు దాటిన పిల్లల మీద ఇంకో పరీక్ష జరిగింది, వీడియో కాల్‌లో మనిషి లైవ్‌గా మాట్లాడితే కొత్త మాటలు నేర్చుకున్నారు, అదే రికార్డు చేసింది చూపిస్తే నేర్చుకోలేదు. మా వియ్యపురాలు రోజూ సాయంత్రం వీడియో కాల్ చేస్తుంది, పిల్ల ఫోన్ని బల్లకి ఆనించి తన బొమ్మలన్నీ ఒకటొకటిగా చూపిస్తుంది, ఆవిడ కన్నడంలో అది కుక్కా నక్కా అని ఆటపట్టిస్తుంది, ఇది అరిచి కాదంటుంది. ఆ అరుపులోనే కన్నడం వస్తోంది. పదాల వీడియో పెట్టినప్పుడు మాత్రం ఇదే పిల్ల నోరు తెరుచుకుని చూస్తుంది, అయిపోయాక అందులో ఏముందే అంటే ‘పాట’ అంటుంది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి, పసిపిల్లలతో గంటలకొద్దీ కబుర్లాడితేనే మాటలొస్తాయన్నది కూడా అన్ని చోట్లా నిజం కాదు. పాపువా న్యూగినీలో కలూలీ అనే జాతి వాళ్ల దగ్గర బాంబీ షీఫెలిన్ అనే ఆవిడ చాలాకాలం ఉండి చూసింది. వాళ్లు మాటలు రాని పిల్లకి ఏం అర్థమవుతుందిలే అని దాదాపు మాట్లాడరు, పిల్లని తమవైపు కాకుండా బయటికి తిప్పి ఎత్తుకుంటారు, పిల్ల తరఫున తల్లే సన్న గొంతుతో ఎదుటివాళ్లతో మాట్లాడుతుంది. ఆ పిల్లలకీ అందరిలాగే మాటలొస్తాయి. ఎందుకంటే వాళ్లు మనుషుల మధ్యనే ఉన్నారు, చుట్టూ జరిగే మాటలు వాళ్ల గురించే, వాళ్ల కోసమే. అందుకని ఫలానా విధంగా పెంచకపోతే మీ పిల్ల వెనకబడుతుంది అని తల్లుల్ని భయపెట్టే వ్యాసాలు చూస్తే నాకు చిరాకు.

పాఠం చెప్పేవాడు లేకపోయినా పరవాలేదు, పక్కన ఇంకో పిల్ల ఉండాలి. దీనికి మధ్య అమెరికాలోని నికరాగ్వా దేశం కంటే పెద్ద సాక్ష్యం లేదు. అక్కడ 1970ల ఆఖరి దాకా చెవిటి పిల్లలు ఎవరింట్లో వాళ్లు ఒంటరిగా, ఇంట్లో నాలుగు సైగలతో బతికారు. 1977లో మనాగ్వాలో ఒక స్పెషల్ స్కూలు, 1980లో ఇంకోటి తెరిచాక వందల మంది ఒక్కచోట చేరారు. టీచర్లు పెదాల కదలిక చూపించి స్పానిష్ నేర్పాలని తంటాలు పడ్డారు, అది పెద్దగా ఎక్కలేదు. కానీ ఆటస్థలంలోనూ బస్సులోనూ పిల్లలు ఎవరి సైగలు వాళ్లు తెచ్చి కలుపుకుంటూ పోయారు, తర్వాత చేరిన చిన్నపిల్లలు దాన్ని ఇంకా బిగించి వ్యాకరణం ఎక్కించారు. 1986లో జూడీ కెగల్ అనే భాషావేత్త వచ్చి చూసేసరికి అక్కడొక కొత్త భాష పుడుతోంది. టీచర్లు క్లాసులో భాష నేర్పుతున్నామనుకుంటుంటే, అసలు భాష బయట ఆటలో తయారవుతోంది!

ఒకే భాష వాడండి అన్న మీ సలహా మీద నాకు ఎక్కువ కోపం వచ్చింది, ఎందుకంటే ఆ పేపర్ ముక్క చూపించి మా బంధువులొకావిడ మా కోడల్ని పిల్లతో కన్నడం మానెయ్యమంది. తల్లిని తన భాషలో పిల్లతో మాట్లాడొద్దనడం ఎంత మాట! రెండు భాషల వల్ల పిల్లకి గందరగోళం రాదు, మాటలు ఆగిపోవు. ఒక్కో భాషలో విడివిడిగా లెక్కేస్తే పదాలు తక్కువ కనపడొచ్చు, రెండూ కలిపి లెక్కేస్తే సరిపోతాయి. రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి అనలేకపోతుంటే తప్పు రెండో భాష మీద తోసెయ్యకుండా ముందు చెవులు పరీక్ష చేయించాలి, ఆ తర్వాత మాటల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. భాష మానేసి ఎదురుచూస్తూ కూర్చుంటే పోయేది విలువైన కాలమే. మీ వ్యాసంలో ఈ ఒక్క వాక్యం రాసినా నేను ఉత్తరం రాసేవాణ్ణి కాదేమో.

మా పిల్ల తల్లి దగ్గర ‘కై’ అంటుంది, నా దగ్గర ‘చెయ్యి’ అంటుంది. మా ఇద్దరం ఒకేసారి ఎదురుగా ఉంటే ఎవరివైపు చూస్తే వాళ్ల మాట. గందరగోళం ఎక్కడుంది? అప్పుడప్పుడు కలుపుతుంది, కలపనీండి. కలపడానికీ లెక్కుంది. మనం ‘డిసైడ్ చేశా’, ‘డిసైడ్ అయ్యా’ అంటాం, ‘డిసైడాను’ అనం. ఎంత ఇంగ్లీషు పిచ్చి ఉన్నవాడైనా అనడు. ఇంగ్లీషు క్రియ వస్తే పక్కన చెయ్యి గానీ అవ్వు గానీ పెట్టాల్సిందే అని ఏ పుస్తకంలోనూ చదువుకోలేదు, అందరికీ తెలుసు. కలగాపులగం అని తిట్టేవాళ్లు కూడా ఆ లెక్క తప్పరు.

పెద్ద ఎత్తున కలిపేసుకున్న ఊరు కూడా ఉంది. మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దుల్లో కుప్వాడ్ అనే ఊళ్లో కన్నడం, మరాఠీ, ఉర్దూ, తెలుగు నాలుగూ వందల ఏళ్లుగా పక్కపక్కన ఉన్నాయి. జాన్ గంపర్జ్, రాబర్ట్ విల్సన్ అనే పరిశోధకులు 1971లో దాని మీద రాశారు. ఎవరింట్లో వాళ్ల భాష వదల్లేదు, కానీ రోజూ అందరితో మాట్లాడీ మాట్లాడీ వాక్యాల అల్లిక దాదాపు ఒకటే అయిపోయింది, ఒక భాషలో వాక్యం తీసుకుని మాటకి మాట మారిస్తే రెండో భాషలో వాక్యం వచ్చేస్తుంది. భాషలు వేరువేరు రంగుల చొక్కాల్లా ఉండి లోపల ఒకటే ఒళ్లు అయిందన్నమాట. ఆ ఊరి పిల్లలకి మాటలు లేటయ్యాయని ఎవరూ రాయలేదు.

వాక్యం సరిగ్గా కట్టడం వచ్చినంత మాత్రాన భాష వచ్చినట్టు కాదు, ఇది మీ వ్యాసంలో అసలు లేదు. డెల్ హైమ్స్ అనే ఆయన ఒకచోట అంటాడు, ఏ వాక్యం పడితే ఆ వాక్యం ఎప్పుడు పడితే అప్పుడు అనే పిల్లాడుంటే వాణ్ణి ఆసుపత్రిలో చేరుస్తారు అని. ఎవరితో ఏది ఎప్పుడు అనాలి, ఎప్పుడు ఊరుకోవాలి అన్నదే సగం భాష. మొన్న ఎవరో ఫోన్ చేస్తే మా పిల్ల ఎత్తి ‘మన తాత బయటికి వెళ్లాడు’ అంది. అవతలాయన నవ్వి ‘మన తాతేనా’ అన్నాట్ట. మేము, మనం మధ్య గీత ఎక్కడుందో దానికింకా తెలీదు, వింటున్నవాణ్ణి లోపల కలుపుకోవాలా బయట పెట్టాలా అని ప్రతిసారీ తేల్చుకోవాలి. ఇంగ్లీషులో ఈ తిప్పలే లేవు, రెండింటికీ ఒకటే మాట. మనకి మాత్రం ఒక్క అక్షరంతో ఎదుటివాడు మనవాడో పరాయివాడో తేలిపోతుంది.

ఇంకోరోజు ఇంకా పెద్ద ప్రశ్న వేసింది. ‘తాతా, నానమ్మ నిన్ను మీరు అంటుంది కదా, నువ్వేమో నానమ్మని నువ్వు అంటావేం?’ 36 ఏళ్ల కాపురంలో మమ్మల్ని ఎవరూ అడగలేదు. 1960లో రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ యూరప్ భాషల్లో ఈ నువ్వు, మీరు ల మీద పెద్ద వ్యాసం రాశారు, ఒకళ్లు నువ్వు అని రెండోవాళ్లు మీరు అంటుంటే అక్కడ పైచేయి ఎవరిదో తెలుస్తుంది, ఇద్దరూ ఒకేలా పిల్చుకుంటే అది చనువో దూరమో అవుతుంది అని. నేను ఆ వ్యాసం గురించి చదివి కూడా మా ఇంటికి అన్వయించుకోలేదు. పిల్ల ఎక్కడా చదవకుండానే పట్టుకుంది. మా ఆవిడ వంటింట్లోంచి ‘చెప్పండి, చెప్పండి’ అంటోంది. చెప్పలేదు లెండి, చెప్పడానికేముంది.

మాట అర్థమైనా గొంతు తీరు దెబ్బకొట్టొచ్చు. లండన్‌లో ఒక పెద్ద ఎయిర్‌పోర్ట్ క్యాంటీన్‌లో 1970ల్లో జరిగింది, ఇది కూడా గంపర్జ్ గారే రాశారు. మన దేశం నుంచీ పాకిస్తాన్ నుంచీ వెళ్లిన ఆడవాళ్లు వడ్డిస్తూ ‘గ్రేవీ’ అనేవాళ్లు, కావాలా అని అడగడం వాళ్ల ఉద్దేశం. మన తీరులో గొంతు కిందికి దిగుతుంది. ఇంగ్లీషువాళ్ల తీరులో అడిగితే గొంతు పైకి లేవాలి, దిగితే ‘ఇదీ గ్రేవీ, పట్టుకో’ అన్నట్టు పొగరుగా వినపడుతుంది. వీళ్లు మర్యాద లేనివాళ్లని అక్కడివాళ్లు, మమ్మల్ని చిన్నచూపు చూస్తున్నారని వీళ్లు, ఒక్క మాటలో స్వరం మీద ముఖాలు మాడ్చుకున్నారు. రెండు పక్కలా ఎవరూ తప్పు మాట్లాడలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. నేను పనిచేసేచోట ఒకసారి ఒక కుర్రాడు ట్రైనీగా చేరాడు. రాత చక్కగా ఉండేది, నేను పెన్ను పెట్టాల్సిన అవసరమే వచ్చేది కాదు, కానీ మాట్లాడితే అతని యాస వేరు. నేను పెద్ద తెలిసినవాణ్ణి కదా, అతను ఒక మాట అనగానే మా పద్ధతిలో మళ్లీ అని వినిపించేవాణ్ణి, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు, అతనూ నవ్వేవాడు. రెండు నెలలకి అతను మాట్లాడడం తగ్గించేశాడు. ఏదైనా కావాలంటే చీటీ మీద రాసి నా బల్ల మీద పెట్టి వెళ్లేవాడు. చీటీల్లో ఒక్క తప్పుండేది కాదు. అప్పట్లో నేను దాన్ని నా గెలుపనుకున్నా. అతను వేరే ఉద్యోగానికి పోయాక కూడా చాలాకాలం అలాగే అనుకున్నా.

యాస తప్పు కాదు, అది కూడా చుట్టూ ఉన్న మనుషుల నుంచి వచ్చిన వ్యాకరణమే, చీటీలు రాసే ఆ కుర్రాడి ఇంట్లో నాలాంటివాడే పరాయిగా మాట్లాడేవాడు. 1962లో విలియం లబోవ్ అనే భాషా శాస్త్రవేత్త న్యూయార్క్‌లో ఖరీదైనది, మధ్యరకం, చవకది అని మూడు పెద్ద షాపులకి వెళ్లి, నాలుగో అంతస్తులో దొరికే వస్తువు ఎక్కడుందని అడిగేవాడు. ‘ఫోర్త్ ఫ్లోర్’ అనే జవాబులో ర పలుకుతున్నారా మింగేస్తున్నారా అని చూడడానికి. వినపడనట్టు నటించి మళ్లీ అడిగేవాడు. ఖరీదైన షాపులో ర ఎక్కువ, చవక షాపులో తక్కువ. రెండోసారి జాగ్రత్తగా చెప్పినప్పుడు ర పెరిగింది. పనిచేసేవాళ్లు ఆ షాపుకి తగ్గట్టు నాలుక సర్దుకున్నారన్నమాట, ర లో స్వతహాగా గొప్పేం లేదు, ఇంగ్లండులో సరిగ్గా ఉల్టా, అక్కడ గొప్పవాళ్లే ర మింగుతారు. ఆయనే మార్తాస్ వినియార్డ్ అనే అమెరికా దీవి మీద 1963లో రాసింది ఇంకా బాగుంటుంది. వేసవిలో డబ్బున్న సందర్శకులొచ్చి దీవంతా నిండిపోతుంటే, ఇది మా చోటు అనుకునేవాళ్లు పాత జాలర్ల ఉచ్చారణనే ఇంకా గట్టిగా పట్టుకున్నారు, వదిలి వెళ్లిపోదామనుకున్నవాళ్లలో అది పలచబడింది. యాస మారకపోవడం చేతకానితనం కాదు, ఒక్కోసారి నేనెవరివైపో చెప్పడం.

అచ్చు వేరు, నోరు వేరు. అచ్చులో తప్పు పడితే దిద్దాలి, దానికి నాలాంటివాళ్లుంటారు, వేలమంది చదివేదానికి ఒక పద్ధతి ఉండాలి. నోటికి ప్రూఫ్ రీడర్ అక్కర్లేదు. నేను ఈ రెండిటినీ 31 ఏళ్లు కలిపేసుకున్నా.

మీరు సవరణ వేస్తారని ఆశ లేదు, సలహాల వ్యాసాలకి సవరణలు ఎవరూ వెయ్యరు. కనీసం రెండు భాషల ముక్క వరకైనా ఎవరైనా మాటల డాక్టర్ని అడిగి రాయించండి, మా బంధువులావిడకి చూపించాలి. ఈ ఉత్తరంలో అచ్చు తప్పులుంటే మాత్రం మొహమాటపడకుండా దిద్దుకోండి.

అన్నట్టు ‘చేతులు’ తిరిగొచ్చింది. పోయిన ఆదివారం ఎవరూ చెప్పకుండానే అంది. కానీ చెయ్యి చేతులు అయినప్పుడు మిగతావి ఊరుకుంటాయా, స్టవ్ మీద రెండు పొయ్యిలుంటే వాటిని ‘పోతులు’ అంటోంది. నేనేమీ అనలేదు. మా ఆవిడ మాత్రం ‘ఏవే పోతులు, ఎటు పోయాయే’ అని దాంతోపాటు వంటింట్లో వెతుకుతోంది.

ఇట్లు
ఒక రిటైర్డ్ ప్రూఫ్ రీడర్